ఆఫ్‌రోడ్ క్యాంపింగ్‌కి ఐస్ బాక్స్ కొనాలంటే ముందు ఏం చూడాలి

క్యాంపింగ్ వాళ్ళు కూలర్ అనేది కిటికీకి పెట్టే గాలి కూలర్‌ని కాదండోయ్, ఐస్ వేసి తిండీ డ్రింకులూ పెట్టుకుని బండిలో తీసుకెళ్ళే పెట్టె గురించి ఇదంతా, అందుకే ఇక్కడినుంచి ఐస్ బాక్స్ అనే అంటాను.

నా మొదటి ఐస్ బాక్స్ పాడైంది ఐస్ నిలవక కాదు, మూత ఊడి. రాళ్ళ దారిలో నాలుగు గంటలు ఎగిరెగిరి పడ్డాక డిక్కీ తీసి చూస్తే వెనకాల ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ హింజులూ (మూతని పెట్టెకి కలిపే మడత బందులు) విరిగిపోయి మూత ఒక మూల, పెట్టె ఇంకో మూల, చల్లటి నీళ్ళన్నీ మా స్లీపింగ్ బ్యాగుల్లో. ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. అప్పట్నుంచీ ఐస్ ఎన్ని రోజులు ఉంటుంది అన్నది నాకు రెండో ప్రశ్న, ఈ కుదుపులకి దీంట్లో ముందు ఏది ఊడుతుంది అన్నదే మొదటి ప్రశ్న. కొనేటప్పుడు మీరు కూడా ఈ ప్రశ్నతోనే పెట్టె చుట్టూ తిరగండి.

ముందు టేప్ పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళండి

షాపుకి కాదు, బండి దగ్గరికి. బాక్స్ పెట్టే చోటు పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి, పైన మూత పూర్తిగా తెరుచుకోడానికి ఎంత ఖాళీ ఉందో అది కూడా కొలవండి, ఎందుకంటే చోట్లో సరిగ్గా పట్టేసిన బాక్స్ మూత సగమే తెరుచుకుంటే ప్రతిసారీ దాన్ని బయటికి లాగాల్సిందే. ఇక బయట కొలతలు చూసి లోపల చోటు ఊహించకండి. బయట 70×40×40 సెంటీమీటర్లు ఉన్న పెట్టె అంటే లెక్కకి 112 లీటర్లు, కానీ గోడలు అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మందం ఉంటే లోపల మిగిలేది 60×30×30, అంటే 54 లీటర్లే. సగం చోటు గోడలే తినేస్తాయి. కొన్ని బాక్సుల మీద కెపాసిటీ క్వార్టుల్లో రాసి ఉంటుంది, ఒక అమెరికన్ క్వార్ట్ అంటే దాదాపు 0.95 లీటరు కాబట్టి క్వార్టునే లీటరు అనుకున్నా పెద్దగా తేడా రాదు. మోడల్ పేరులో ఉండే నంబర్ని మాత్రం కెపాసిటీ అనుకోకండి, చాలాసార్లు అది ఉత్త పేరే.

ఆ 54 లీటర్లలో కూడా మూడింట రెండు వంతులు ఐస్‌కే పోతాయి, మీ సామానుకి మిగిలేది ఒక వంతు. అలా అని ఉన్నదాంట్లో పెద్దది కొనేస్తారా, ఆగండి. పెద్ద బాక్సు నిండుగా ఉంటే నిజంగానే బాగా పనిచేస్తుంది, ప్రతి కొలతా రెట్టింపు చేస్తే లోపల పట్టేది ఎనిమిది రెట్లు పెరుగుతుంది కానీ వేడి లోపలికి వచ్చే గోడ వైశాల్యం నాలుగు రెట్లే పెరుగుతుంది కదా. కానీ సగం ఖాళీగా తీసుకెళ్తే మూత తీసిన ప్రతిసారీ ఆ ఖాళీలో ఉన్న చల్లగాలి పోయి వేడిగాలి దూరుతుంది. పైగా బరువు. మందం గోడల 50 లీటర్ల బాక్సు ఖాళీగానే పది కిలోలు దాటొచ్చు, ఐస్ ఒక ఇరవై కిలోలు, సామాను ఇంకో పది, మొత్తం నలభై పైనే. దాన్ని డిక్కీ ఎత్తుకి ఒక్కరే లేపాలంటే నడుం పట్టేస్తుంది. నేనైతే ఒక పెద్దదానికి బదులు రెండు మధ్యరకం బాక్సులే పెట్టుకుంటాను, ఒకటి డ్రింకులకి, అది రోజంతా తెరుస్తూనే ఉంటారు, రెండోది తిండికి, అది రోజుకి రెండుసార్లకి మించి తెరవనివ్వను.

పెట్టె ఎలా తయారైందో చూడండి

ప్లాస్టిక్ ఐస్ బాక్సులు ముఖ్యంగా రెండు రకాలుగా తయారవుతాయి. ఒకటి రోటోమోల్డ్, అంటే పాలిథిలీన్ పొడిని అచ్చులో పోసి, వేడి చేస్తూ ఆ అచ్చుని రెండు దిక్కుల్లో తిప్పుతారు, పొడి కరిగి అచ్చు లోపలి గోడలకి సమానంగా అంటుకుంటుంది, అలా వచ్చిన పెట్టెకి అతుకు ఉండదు. రెండోది ఇంజెక్షన్ మోల్డ్, కరిగిన ప్లాస్టిక్‌ని ఒత్తిడితో అచ్చులోకి కొడతారు, త్వరగా అవుతుంది, చవక, తేలిక, కానీ మామూలుగా గోడ పల్చన, లోపలి తొట్టి బయటి తొట్టి వేరేవేరే ముక్కలు. ఆఫ్‌రోడ్ వాళ్ళు రోటోమోల్డ్ అని పడి చావడానికి కారణం ఆ అతుకులేని పెట్టే. ఈ రకాన్ని అందరికీ తెలిసేలా చేసింది 2006లో టెక్సాస్‌లో ఇద్దరు అన్నదమ్ములు మొదలెట్టిన యెటి కంపెనీ, చేపలు పట్టేటప్పుడు పడవలో ఐస్ బాక్సు మీదే నిలబడితే మూతలు లోపలికి కుంగిపోతున్నాయని విసుగొచ్చి వాళ్ళు ఈ దారి పట్టారు. ఇప్పుడు ఈ పద్ధతిలో చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి పేరు కోసమే డబ్బు పెట్టక్కర్లేదు.

చేత్తో చూడటం చాలా తేలిక. గోడ మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కండి, డబ్బా రేకులా లోపలికి పోయి టక్కున బయటికి వస్తే గోడ పల్చన అన్నమాట. మూలల దగ్గర తట్టండి, ఎక్కువ దెబ్బలు తగిలేది అక్కడే. షాపు అతను ఒప్పుకుంటే మూత మీద నిలబడండి, ఒప్పుకోకపోతే కనీసం కూర్చోండి, క్యాంప్‌లో ఎలాగూ అందరూ దాని మీదే కూర్చుంటారు.

స్టీల్ బాడీ బాక్సులు చూడ్డానికి అందంగా ఉంటాయి, సొట్టలు పడతాయి, గీత పడినచోట తుప్పు రావొచ్చు, నాకైతే రాళ్ళ దారికి వద్దు. జిప్పు ఉండే మెత్తటి బ్యాగులు ఒక్కరోజు ప్రయాణానికి చాలు, దుమ్ములో జిప్పు పళ్ళ మధ్య ఇసుక దూరితే రెండు ట్రిప్పులకే మొరాయిస్తుంది. అదే ఏడాదికి ఒకటో రెండో ట్రిప్పులు, అదీ మట్టి రోడ్డు వరకే అయితే మంచి ఇంజెక్షన్ మోల్డ్ బాక్సు కొని మిగిలిన డబ్బు టైర్లకి పెట్టుకోండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఫోమ్ సంగతి, కొంచెం లెక్క

గోడలో ఉండే ఫోమ్ ఎక్కువగా పాలీయూరిథేన్, చవకవాటిలో థర్మోకోల్. ఒకే మందంలో పాలీయూరిథేన్ వేడిని తక్కువగా రానిస్తుంది. ఎంత తేడా అంటే ఒక ఉజ్జాయింపు లెక్క చెప్తాను. ఇందాకటి 50 లీటర్ల సైజు బాక్సు, బయటికీ లోపలికీ 30 డిగ్రీల తేడా అనుకోండి. 5 సెంటీమీటర్ల పాలీయూరిథేన్ గోడలైతే లోపలికి వచ్చే వేడి సుమారు 14 వాట్లు, 2.5 సెంటీమీటర్ల థర్మోకోల్ అయితే దాదాపు 38 వాట్లు. ఇప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, ఒక కిలో ఐస్ పూర్తిగా కరగడానికి 334 కిలోజౌల్స్ కావాలి, దాన్ని రోజంతటికీ పంచితే దాదాపు 4 వాట్లు. అంటే మొదటి బాక్సులో రోజుకి మూడున్నర కిలోలు కరిగితే రెండోదాంట్లో పది కిలోలు కరుగుతాయి. మూడు రోజుల ట్రిప్పుకి పదీ పదకొండు కిలోలా, ముప్పై కిలోలా అన్నది మీ బండి మోసే బరువుకి కూడా సంబంధించిన ప్రశ్నే. ఇది మూత తీయకుండా, గ్యాస్కెట్ (మూత చుట్టూ ఉండే రబ్బరు) లీకు లేకుండా వేసిన లెక్క, నిజంగా దారిలో ఇంకొంచెం ఎక్కువే పోతుంది.

ఒక మోసం ఉంది, జాగ్రత్త. కొన్ని చవక బాక్సుల్లో గోడల్లో ఫోమ్ ఉంటుంది, మూత మాత్రం లోపల బోలు, ఉత్త గాలి. మూత మీద వేలితో కొట్టండి, గోడ మీద కొట్టండి, రెండు శబ్దాలూ పోల్చండి, మూత డప్పులా మోగితే దించేయండి. ఎండ ఎక్కువగా పడేది మూత మీదే కదా.

ఇక డబ్బా మీద రాసే "పది రోజుల ఐస్" లాంటి మాటలు. కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో టెస్ట్ చేయవు, బాక్సు నిండా ఐస్ వేసి మూత ముట్టకుండా పెట్టినా అది కూడా టెస్టే అంటారు, కాబట్టి ఒకరి పది రోజుల్నీ ఇంకొకరి ఏడు రోజుల్నీ పక్కపక్కన పెట్టి చూడడంలో అర్థం లేదు. రంగు కూడా చూడండి, తెలుపు, లేతరంగులు ఎండని తిప్పికొడతాయి, నల్లది ఫోటోల్లో బాగుంటుంది అంతే.

ఊడిపోయేవి: హింజు, లాచ్, గ్యాస్కెట్, హ్యాండిల్, డ్రెయిన్

ఇక్కడ మాత్రం తొందరపడకండి, షాపులో ఎంతసేపైనా నిలబడండి.

హింజు ముందు. కావాల్సింది పెట్టె వెడల్పంతా ఉండే హింజు, మూతలోనూ పెట్టెలోనూ అచ్చులోనే వచ్చిన కణుపులు ఒకదాంట్లో ఒకటి ఇమిడి, వాటి గుండా ఒక పొడుగు కడ్డీ వెళ్ళాలి. అప్పుడు బరువు మొత్తం పొడవునా పంచుకుంటుంది. వద్దనేది పల్చటి ప్లాస్టిక్‌లోకి చిన్న స్క్రూలతో బిగించిన రెండు ముక్కల హింజులు, కుదుపులకి స్క్రూ రోజూ కొంచెం కొంచెం వదులై ఒకరోజు కన్నాన్నే చీల్చుకుని వస్తుంది, నాకు జరిగింది అదే. మూతని పూర్తిగా వెనక్కి వదిలి చూడండి, ఎక్కడో ఒకచోట ఆగాలి, ఆగకుండా వెనక్కి వేలాడితే బరువంతా హింజు మీదే పడుతుంది.

లాచ్‌లు, అంటే మూతని బిగించి పట్టే గొళ్ళాలు, రెండు రకాలు చూస్తారు. రబ్బరు లాచ్, లాగి గాడిలో ఇరికించేది. ఇంకోటి ప్లాస్టిక్ క్లిప్ లాచ్, నొక్కితే టక్ మని పడేది. రెండోది ఒంటిచేత్తో వేయొచ్చు, సుఖంగా ఉంటుంది, కానీ దాంట్లో ఒక పిన్ను ఉంటుంది, దుమ్ము పడితే బిగుసుకుంటుంది, దెబ్బ తగిలితే విరుగుతుంది. రబ్బరు లాచ్‌లో విరగడానికి ఏమీ లేదు, ఎప్పుడూ లాగి పట్టుకునే ఉంటుంది కాబట్టి కుదుపుకి తనంతట తాను వదలదు. ఏళ్ళ తరబడి ఎండకి గట్టిపడి పగులుతుంది, నిజమే, ఒకటి స్పేర్ కొని టూల్ బాక్సులో పడేయండి. స్పేర్ దొరకని బాక్సయితే అసలు కొనకండి, ఇది లాచ్‌కే కాదు, గ్యాస్కెట్‌కీ డ్రెయిన్ ప్లగ్‌కీ (కరిగిన నీళ్ళు వదిలే కన్నానికి పెట్టే బిరడా) కూడా.

గ్యాస్కెట్ అంటే మూత చుట్టూ ఉండే రబ్బరు, ఫ్రిజ్ తలుపుకి ఉంటుంది చూడండి అలాంటిది. చుట్టూ తెగకుండా ఉండాలి, గాడిలో కూర్చోవాలి, కేవలం జిగురుతో అంటించిందైతే మూల దగ్గర గోటితో లేపి చూస్తే తెలిసిపోతుంది. చూసే పద్ధతి ఒకటి, ఒక కాగితం ముక్క మూతకీ పెట్టెకీ మధ్య పెట్టి లాచ్ వేసి లాగండి, గట్టిగా పట్టుకోవాలి, ఇలా చుట్టూ ఎనిమిది చోట్ల. సులువుగా జారిపోయిన చోటే వేడి దూరేది, దుమ్ము దూరేది. మంచి గ్యాస్కెట్ ఉన్న బాక్సు ఒక్కోసారి మూత రానంటుంది, లోపల గాలి చల్లబడి ముడుచుకుని మూతని పీల్చి పట్టుకుంటుంది, బలవంతంగా పీకకండి, డ్రెయిన్ ప్లగ్ కొంచెం వదులు చేస్తే వచ్చేస్తుంది.

హ్యాండిల్ తాడుదైనా పర్లేదు, తెగితే మార్చుకోవచ్చు, పట్టు దగ్గర మందంగా ఉందో లేదో చూడండి చాలు. డ్రెయిన్ మాత్రం పెట్టె గోడలోకి లోపలికి ఉండాలి, బయటికి పొడుచుకొచ్చిన కుళాయి రాయికి తగిలిందంటే పోయినట్టే. మరతో తిరిగే ప్లగ్, దానికి రబ్బరు వాషర్, పడిపోకుండా కట్టిన తాడు. లోపల నేల డ్రెయిన్ వైపు కొంచెం వాలి ఉంటే ఇంకా మంచిది.

ఎలుగుబంట్లు తిరిగే అడవులకి వెళ్ళేవాళ్ళు ఐజీబీసీ (అమెరికాలో గ్రిజ్లీ ఎలుగుబంట్ల సంగతి చూసే ప్రభుత్వ శాఖల కమిటీ) సర్టిఫికెట్ ఉన్న బాక్సు చూస్తారు. అమెరికాలో మోంటానాలోని వెస్ట్ యెల్లోస్టోన్‌లో ఒక కేంద్రంలో బాక్సు లోపల తిండి పెట్టి నిజమైన గ్రిజ్లీ ఎలుగుబంట్లకే ఇచ్చేస్తారు, అవి 60 నిమిషాలు కొరికి, పీకి, మీదెక్కి తొక్కినా లోపలికి చేరలేకపోతే పాస్. కాకపోతే చాలా బాక్సులకి తాళంకప్పలు వేసి ఉంటేనే ఆ సర్టిఫికెట్ వర్తిస్తుంది, ఈ ముక్క చాలామంది చదవరు. ఎలుగుబంటి లేని చోటికి వెళ్ళేవాళ్ళకి కూడా ఆ సర్టిఫికెట్ ఉందంటే హింజూ మూతా గట్టివని ఒక భరోసా.

కట్టడానికి చోటుందా

పెట్టె నాలుగు మూలల దగ్గర అచ్చులోనే వచ్చిన గాడులు ఉండాలి, బెల్టు వాటి గుండా పోవాలి. హ్యాండిల్‌కి బెల్టు కట్టడం అందరూ చేసే తప్పు, హ్యాండిల్ ఎత్తడానికి, రోజంతా పక్కలకి లాగడానికి కాదు. మూత మీదుగా అడ్డంగా బెల్టు వేస్తే ప్రతిసారీ విప్పాలి, పైగా రాచెట్ బెల్టుని (మీట ఆడిస్తూ బిగించేది) బలమంతా పెట్టి బిగిస్తే మూత వంగి గ్యాస్కెట్ ఒకచోట లేస్తుంది. గాడుల్లోంచి కడితే మూత స్వేచ్ఛగా తెరుచుకుంటుంది.

పెట్టే చోటు వెనక యాక్సిల్‌కి (వెనక చక్రాల ఇరుసుకి) ముందు వైపు, కింద. వెనక యాక్సిల్ దాటి చివర్లో పెడితే ప్రతి గుంతకీ ఎగిరేది అదే. రూఫ్ మీద వద్దే వద్దు, ఎండ సంగతి పక్కన పెట్టండి, నలభై కిలోలు పైన ఉంటే పక్కవాలు దారిలో బండి తిరగబడే ప్రమాదం పెరుగుతుంది. సీట్ల వెనకే పెడుతున్నారంటే మరీ గట్టిగా కట్టండి, గట్టి బ్రేక్ పడితే కట్టని బాక్సు ఎగిరొచ్చి మీ తల వెనక తగులుతుంది. కింద రబ్బరు కాళ్ళుంటే జారదు అనుకుని వదిలేయొద్దు, కాళ్ళు చదును రోడ్డు వరకే. దారి చెడటం మొదలయ్యాక ఇరవై నిమిషాలకి ఒకసారి ఆగి బెల్టులు లాగి చూసుకోండి, మొదటి కుదుపుల్లో అన్నీ సర్దుకుని వదులవుతాయి.

ఇంటికి తెచ్చాక, వాపస్ ఇచ్చే గడువు అయ్యేలోపు

మొదట రాత్రి లైట్లన్నీ ఆర్పి, టార్చి వెలిగించి బాక్సులో పెట్టి మూత వేసి చుట్టూ చూడండి, వెలుతురు గీతలా కనిపిస్తే అక్కడ గ్యాస్కెట్ కూర్చోలేదు. తర్వాత ఐదు లీటర్ల నీళ్ళు పోసి లాచ్ వేసి అర నిమిషం పక్కకి వాల్చండి. చుక్కలు పర్లేదు, ధార వద్దు.

ఆ తర్వాత ఐస్ టెస్ట్. పది కిలోల ఐస్ తూచి వేయండి. మొదటి రోజు లెక్కలోకి తీసుకోకండి, పెట్టె చల్లబడడానికే కొంత పోతుంది. 24 గంటలయ్యాక నీళ్ళు వంచి మిగిలింది తూచండి, మూత వేయండి, ఇంకో 24 గంటలకి మళ్ళీ తూచండి. ఈ రెండు తూకాల తేడానే మీ బాక్సు రోజువారీ ఖర్చు. ఎనిమిది కిలోలు ఐదున్నర అయిందంటే రోజుకి రెండున్నర కిలోలు, దాన్ని ట్రిప్పు రోజులతో గుణించి, ఎండకీ తెరవడానికీ ఇంకో సగం కలపండి. కంపెనీ చెప్పే రోజుల కంటే ఈ నంబరు నాకు పదిరెట్లు నమ్మకం.

వాడేటప్పుడు పెద్దగా ఏం లేదు. ముందురోజు రాత్రి కొంచెం ఐస్ వేసి పెట్టెని చల్లబరచండి, ఆ ఐస్ పారేసి కొత్తది వేయండి, సామాను కూడా ఫ్రిజ్‌లోంచి నేరుగా వేయండి, గది వేడిలో ఉన్నవి వేస్తే ఐస్ వాటిని చల్లబరచడానికే అయిపోతుంది. పెద్ద గడ్డలు నెమ్మదిగా కరుగుతాయి, ముక్కల ఐస్ సందుల్లోకి పోతుంది, రెండూ కలిపి వేయండి. కరిగిన నీళ్ళు చల్లగా ఉన్నంతసేపూ పారబోయకండి, అవి ఖాళీని నింపి చల్లదనాన్ని పట్టుకుంటాయి, తిండి మాత్రం నీళ్ళు దూరని డబ్బాల్లో ఉండాలి. ఒక చిన్న థర్మామీటర్ లోపల పడేయండి, మాంసం, పాలు లాంటివి 4 డిగ్రీల లోపే ఉండాలి, రెండు గంటలకి మించి అది దాటి ఉంటే వాసన చూసి తేల్చుకోవడాలు లేవు, పారేయడమే.

డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వేయాలనుకుంటే బాక్సు డ్రై ఐస్‌కి పనికొస్తుందని కంపెనీ రాసి ఉండాలి, గ్యాస్ బయటికి పోయే దారి ఉండాలి, బండి అద్దాలు దించి ఉండాలి. అది మైనస్ 78 డిగ్రీల దగ్గర నేరుగా కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ అయిపోతుంది, మూసిన బండిలో అది ప్రాణం మీదకి తెస్తుంది. ఇంకొందరు ఈ ఐస్ గొడవంతా ఎందుకని 12 వోల్టుల ఫ్రిజ్ అడుగుతారు. వారం పైన ట్రిప్పులైతే అదే కరెక్ట్, కానీ కంప్రెసర్ ఉన్నదే తీసుకోండి, కంప్రెసర్ లేకుండా చవకగా దొరికే థర్మోఎలక్ట్రిక్ డబ్బాలు బయటి వేడి కంటే ఒక ఇరవై డిగ్రీలే తగ్గించగలవు, బయట 40 ఉంటే లోపల 20, దాన్ని చల్లదనం అనరు. బ్యాటరీ దిగిపోకుండా తనంతట తాను ఆగిపోయే కటాఫ్ ఉందో లేదో కూడా చూసుకోండి, లేకపోతే పొద్దున్నే బండి స్టార్ట్ అవ్వదు.

ట్రిప్ నుంచి వచ్చాక బాక్సు కడిగేటప్పుడు గ్యాస్కెట్ గాడిని పాత టూత్‌బ్రష్‌తో తోమండి, దారిలో దూరిన సన్నటి ఇసుకంతా అక్కడే ఉంటుంది, అదే రబ్బరుని అరగదీసేది. ఆరిన తర్వాత డ్రెయిన్ ప్లగ్ తీసేసి, మూత కింద ఒక చిన్న చెక్కముక్క పెట్టి సందు వదిలి దాచండి, లాచ్ వేసి మూలన పడేస్తే మళ్ళీ ట్రిప్పుకి తెరిచినప్పుడు వచ్చే వాసన ఏ సబ్బుకీ పోదు.